ఢిల్లీ గీసిన గీత, గుర్గావ్ కట్టిన మాల్

దక్షిణ ఢిల్లీలోని మెహ్రౌలీ నుంచి హరియాణాలోని గుర్గావ్‌కు వెళ్ళే రహదారిని ఎంజీ రోడ్డు అంటారు. దేశంలో ఏ ఊరి ఎంజీ రోడ్డయినా మహాత్మా గాంధీ పేరిటే ఉంటుందన్న అలవాటు కొద్దీ కొత్తవారు పొరబడుతుంటారు. ఇక్కడ ఆ రెండక్షరాలూ మెహ్రౌలీ, గుర్గావ్‌లవి. ఈ దారిలో ఢిల్లీ సరిహద్దు దాటిన కొద్ది నిమిషాలకే, 2000 దశకం తొలి ఐదారేళ్ళలో, షాపింగ్ మాళ్ళు ఒకదాని పక్కన ఒకటిగా వెలిశాయి. సహారా మాల్, మెట్రోపాలిటన్ మాల్, డీఎల్ఎఫ్ సిటీ సెంటర్, ఆ వెనుక మెగాసిటీ మాల్, గ్రాండ్ మాల్. పత్రికలు ఆ వరుసకు 'మాల్ మైల్' అని పేరు పెట్టాయి. ఆదివారం సాయంత్రం ఢిల్లీ కుటుంబాలు కారెక్కి అక్కడికి వెళ్ళి రావడం ఒక చిన్న విహారయాత్ర అయింది. పదేళ్ళు గడిచేసరికి అదే వరుసలో షట్టర్లు దించిన దుకాణాలు, జనం పలచబడిన వరండాలు కనిపించసాగాయి.

కొనుగోలుదారుల అభిరుచి మారిందనో, ఆన్‌లైన్ వ్యాపారం మింగేసిందనో చెప్పి వ్యాపార పత్రికలు ఈ కథను ముగిస్తాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆన్‌లైన్ వ్యాపారం బలపడక ముందే ఎంజీ రోడ్డు వెలుగు తగ్గడం మొదలైంది. ఈ మాళ్ళ చరిత్రను తేదీల వారీగా పేర్చి చూస్తే ప్రతి మలుపు దగ్గరా ఒక చట్టమో, ఒక లైసెన్సో, ఒక న్యాయస్థానం ఉత్తర్వో ఎదురవుతుంది. ఢిల్లీ ప్రైవేటు నిర్మాణదారులకు మూసిన తలుపు వీటిని పుట్టించింది. ఆ తలుపు తిరిగి కొద్దిగా తెరుచుకోవడం వీటిని కుంగదీసింది.

మూసిన తలుపు

దేశ విభజన తర్వాత ఢిల్లీ లక్షలాది శరణార్థుల నగరం. ఖాన్ మార్కెట్, లాజ్‌పత్ నగర్ వంటి బజార్లు ఆ నిర్వాసితుల పునరావాసంలో భాగంగానే రూపుదిద్దుకున్నాయి. నివాస స్థలాలకు ఎంత గిరాకీ ఉండేదో చెప్పనక్కరలేదు. 1946లో చౌధరి రాఘవేంద్ర సింగ్ స్థాపించిన డీఎల్ఎఫ్ సంస్థ ఆ గిరాకీ మీదే ఎదిగింది. కృష్ణానగర్‌తో మొదలుపెట్టి సౌత్ ఎక్స్‌టెన్షన్, గ్రేటర్ కైలాశ్, రాజౌరీ గార్డెన్ వంటి కాలనీలు వేసింది.

1957లో పార్లమెంటు ఢిల్లీ అభివృద్ధి చట్టాన్ని ఆమోదించింది. ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే డీడీఏ, దానితోనే ఏర్పడింది. 1961 నుంచి రాజధానిలో భూమిని పెద్దయెత్తున సేకరించడం, అభివృద్ధి చేయడం, పంచడం ప్రభుత్వమే చేపట్టింది. భూస్వాముల, దళారుల లాభాపేక్ష నుంచి నగరాన్ని కాపాడటం నెహ్రూ కాలపు ఆశయం. ఆశయం మంచిదే. అయితే డీడీఏ కట్టే వేగానికీ నగరం పెరిగే వేగానికీ పొంతన కుదరలేదు. మాస్టర్ ప్లాన్‌లో గీసిన జిల్లా వాణిజ్య కేంద్రాలు దశాబ్దాల తరబడి కాగితాల మీద ఉండిపోయాయి. వ్యాపారం ఆగలేదు. ఇళ్ళ కింది అంతస్తుల్లోకి, నివాస వీధుల్లోకి పాకింది. ఢిల్లీ దుకాణాలలో పెద్ద భాగం చట్టం దృష్టిలో అక్రమం కావడానికి బీజం అక్కడ పడింది.

ఢిల్లీలో పని లేకుండా పోయిన డీఎల్ఎఫ్ చూపు సరిహద్దు అవతలికి మళ్ళింది. 1966లో ఏర్పడిన హరియాణా రాష్ట్రం 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి, నియంత్రణ చట్టం చేసింది. ప్రైవేటు సంస్థలు లైసెన్సు తీసుకుని, ప్రభుత్వానికి అభివృద్ధి రుసుము చెల్లించి, కాలనీలు వేసుకోవచ్చునన్నది దాని సారం. ఢిల్లీ నిషేధించినదానికి పక్క రాష్ట్రం రుసుము నిర్ణయించిందన్నమాట. రాఘవేంద్ర సింగ్ అల్లుడు, సైన్యంలో అధికారిగా పనిచేసి వచ్చిన కుశల్ పాల్ సింగ్ ఈ అవకాశాన్ని అందరికంటే ముందు గుర్తించారు. రైతుల ఇళ్ళకు వెళ్ళి, వారితో కూర్చుని, చిన్న చిన్న కమతాలను ఒక్కొక్కటిగా కొన్నారు. ఎండలో వేడెక్కిన జీపుకు నీళ్ళ కోసం ఆగిన రాజీవ్ గాంధీ తనతో మాటలు కలపడం గుర్గావ్ దశను మార్చిందని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆ కథలో స్వోత్కర్ష ఎంత ఉందన్నది పక్కన పెడితే, ఒక నగరం పుట్టుక అధికారంలో ఉన్నవారితో కుదిరిన పరిచయం మీద ఆధారపడిందని కట్టినవారే చెప్పుకోవడం గమనించదగ్గది. 1981లో తొలి లైసెన్సు వచ్చింది. చక్కర్‌పూర్, సికందర్‌పూర్, నాథూపూర్ గ్రామాల పొలాలు డీఎల్ఎఫ్ సిటీగా మారాయి.

మేయరు కంటే ముందు మాల్

నగరశివారు మాల్‌కు ఆదిరూపం అమెరికాలో ఉంది. 1938లో నాజీల వియన్నా నుంచి పారిపోయిన విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి 1956లో మినెసోటా రాష్ట్రంలోని ఎడీనాలో సౌత్‌డేల్ కేంద్రాన్ని నిర్మించాడు. పైకప్పు కింద, శీతోష్ణం అదుపులో ఉండే తొలి శివారు మాల్ అది. కారు తప్ప మరో దిక్కులేని శివారు మనుషులకు వియన్నా కూడలి వంటి కలయిక స్థలం ఇవ్వాలన్నది అతని కల. అక్కడా విపణి ఒంటరిగా పనిచేయలేదు. 1954లో పన్ను నిబంధనలు సడలించి కొత్త వాణిజ్య కట్టడాలపై తరుగుదలను వేగంగా చూపుకోనిచ్చారు. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. మాళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. చుట్టూ కార్ల మైదానాలు తప్ప తాను కోరిన కూడలి ఎక్కడా కనిపించకపోవడంతో గ్రూయెన్ చివరి రోజుల్లో తన సృష్టినే కాదన్నాడు.

భారతదేశానికి ఆ నమూనా నలభై ఏళ్ళు ఆలస్యంగా చేరింది. 1999లో ముంబయిలో క్రాస్‌రోడ్స్, దక్షిణ ఢిల్లీలో అన్సల్ ప్లాజా తెరుచుకున్నాయి. రెండూ నగరం మధ్యలో ఇరుకు స్థలాల్లో కట్టినవి. శివారు మాల్‌కు కావలసిన విశాలమైన నేల, కొత్త జీతాలు, సొంత కార్లు ఒకేచోట దొరికింది గుర్గావ్‌లో. 1983లో మారుతి కారు తయారీ అక్కడే మొదలైంది. 1990ల చివర జనరల్ ఎలక్ట్రిక్ వెనుక కార్యాలయం వచ్చింది. దానిని చూసి మిగతా బహుళజాతి సంస్థలు వచ్చాయి. రాత్రిపూట పనిచేసి నెల తిరిగేసరికి చేతినిండా జీతం అందుకునే యువతరం ఒకటి తయారైంది. బంధువుల కళ్ళకు దూరంగా, వేడికీ దుమ్ముకూ దూరంగా కాసేపు గడిపే చోటు వారికి కావలసి వచ్చింది.

మాల్ ఆ అవసరం తీర్చింది. షాపర్స్ స్టాప్, పీవీఆర్ తెరలు, మెక్‌డొనాల్డ్స్ ఒక కప్పు కింద చేరాయి. సహారా మాల్‌లోని బిగ్ బజార్ మధ్యతరగతి ఇంటికి కావలసిన పప్పూ ఉప్పూ అమ్మింది. 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరులలో తొలి దుకాణాలు తెరిచిన ఆ సంస్థ సంత గలగలను ఏసీ గదిలోకి తెచ్చి గెలిచింది.

ఇక్కడ ఒక తేదీని గుర్తుంచుకోవాలి. గుర్గావ్‌కు నగరపాలక సంస్థ ఏర్పడింది 2008లో. దానికి తొలి ఎన్నికలు జరిగింది 2011లో. అంటే ఆ ప్రాంతానికి సినిమా తెరలు, కదిలే మెట్లు, అంతర్జాతీయ దుస్తుల దుకాణాలు వచ్చిన అయిదారేళ్ళకు గానీ మునిసిపల్ కార్పొరేషన్ రాలేదు. మురుగునీటి మళ్ళింపు, నడకదారి, పార్కు, గ్రంథాలయం గురించి అడగడానికి ఎన్నికైన ప్రతినిధి లేని చోట మాల్ వరండాయే ఊరి రచ్చబండ అయింది. కాకపోతే ఆ రచ్చబండకు యజమాని ఉన్నాడు, గుమ్మంలో కాపలాదారు ఉన్నాడు. ఎవరు లోపలికి రావచ్చో నిర్ణయించేది వారే. పొలం అమ్మిన రైతు కొడుకు కొత్త కారులో వస్తే తలుపు తెరుచుకునేది. ఆ పొలంలో కూలికి వెళ్ళిన భూమిలేని మనిషికి అమ్మకపు సొమ్మూ రాలేదు, మాల్‌లో పనీ పాటా ఉండే అవకాశం లేదు.

ఒకే రోడ్డు, రెండు చట్టాలు

2006 సంవత్సరం ఈ కథకు నడిమి స్తంభం. ఢిల్లీ హైకోర్టు ఆదేశాల నేపథ్యంలో నగరపాలక సంస్థ ఆ ఏడాది ఆరంభంలో అక్రమ కట్టడాల కూల్చివేత చేపట్టింది. ఎంజీ రోడ్డులో ఢిల్లీ వైపున్న ఖరీదైన ఫ్యాషన్ దుకాణాల సముదాయాలూ బుల్డోజరుకు గురయ్యాయి. అదే రోడ్డు మీద సరిహద్దు అవతల మాళ్ళు సర్వ హక్కులతో వెలిగిపోతున్నాయి. ఒకవైపు నేల కాగితాల్లో వ్యవసాయ భూమి, మరోవైపు లైసెన్సు పొందిన వాణిజ్య స్థలం. అమ్మే బట్టలో గానీ, కొనే మనిషిలో గానీ తేడా లేదు.

ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నివాస ప్రాంతాల్లోని అక్రమ వాణిజ్యంపై చర్యకు ఆదేశించింది. మార్చి చివర సీలింగ్ మొదలైంది. చిన్న వర్తకులు వీధికెక్కారు. సెప్టెంబరులో సీలంపూర్‌లో నిరసన హింసాత్మకమై ప్రాణాలు పోయాయి. తమ దుకాణాలు మూయించి జనాన్ని మాళ్ళకు తోలుతున్నారన్నది వర్తకుల ఆరోపణ. దాన్ని రుజువు చేయడం సులభం కాదు. అయితే వీధి దుకాణం మీద పడిన చట్టం బరువు పెద్ద మాల్ మీద పడలేదన్న వారి బాధకు ఆ ఏడాదే మరో ఉదాహరణ దొరికింది. వసంత్ కుంజ్ వద్ద ఆరావళి శిఖర భూములను ఆనుకుని లేస్తున్న మాళ్ళపై పర్యావరణవేత్తలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. డీడీఏ వేలం ముగిసి, కట్టడాలు చాలా దూరం వచ్చేశాయి. అక్టోబరులో కోర్టు వాటిని కొనసాగనిచ్చింది.

ఎంజీ రోడ్డు భవితవ్యం కూడా ఆ వేలాల్లోనే తేలిపోయింది. దశాబ్దాలు మూసి ఉంచిన వాణిజ్య భూమిని డీడీఏ సాకేత్‌లోనూ, వసంత్ కుంజ్‌లోనూ వేలానికి పెట్టింది. 2007లో సాకేత్‌లో సెలెక్ట్ సిటీవాక్ తెరుచుకుంది. మరుసటి ఏడాది వసంత్ కుంజ్‌లో డీఎల్ఎఫ్ ఎంపోరియో వచ్చింది. ఢిల్లీలో మాల్ లేదు కనుక సరిహద్దు దాటిన కుటుంబాలకు ఇక దాటవలసిన పని లేకుండా పోయింది. గుర్గావ్‌లో మాల్ వరుసను నిర్మించినవారిలో ప్రముఖమైన సంస్థే దక్షిణ ఢిల్లీలో దానికి పోటీ కట్టింది. ఇటు గుర్గావ్‌లోనూ జాతీయ రహదారి పక్కన 2007లో యాంబియెన్స్ మాల్ తెరుచుకుంది.

ముక్కలుగా అమ్మిన బజారు

పోటీని తట్టుకోలేకపోవడానికి లోపలి కారణం ఒకటుంది. తొలితరం గుర్గావ్ మాళ్ళలో చాలా దుకాణాలను విడివిడిగా మదుపరులకు అమ్మేశారు. కొన్నవారిలో చాలామంది వర్తకులు కారు. పదవీ విరమణ సొమ్మును, విదేశీ సంపాదనను ఒక గదిలో పెట్టి నెలనెలా అద్దె వస్తుందని ఆశించినవారు. కట్టడం పూర్తి కాకముందే డబ్బు చేతికి రావడం నిర్మాణదారుకు లాభం. బ్యాంకు అప్పు దుర్లభమైన రోజుల్లో అది తెలివైన దారే.

దాని పర్యవసానం మెల్లగా బయటపడింది. మాల్ అన్నది విడి దుకాణాల మొత్తం కాదు. పుస్తకాల పక్కన కాఫీ, పిల్లల బట్టల పక్కన బొమ్మలు, పై అంతస్తున సినిమా ఉండేలా ఎవరో ఒకరు పొందిక చూడాలి. వందల మంది యజమానులున్న చోట ఆ పొందిక చూసేవాడు ఉండడు. ఎవరు ఎక్కువ అద్దె ఇస్తే వారికి ఇచ్చారు. ఒకచోట మొబైల్ మరమ్మతు, పక్కన ప్రయాణాల ఏజెంటు, ఆ పక్కన తాళం. నిర్వహణ రుసుము కట్టేవారు కొందరు, ఎగ్గొట్టేవారు కొందరు. కదిలే మెట్లు ఆగిపోతే బాగుచేయించే బాధ్యత ఎవరిదన్నది వివాదం. అద్దెకు మాత్రమే ఇచ్చి యాజమాన్యం తన చేతిలోనే ఉంచుకున్న సెలెక్ట్ సిటీవాక్ నిలదొక్కుకోవడం, ఎంజీ రోడ్డు తడబడటం మధ్య తేడా చాలా మటుకు ఇదే. 2007లో సుమారు 9,187 కోట్ల రూపాయలు సేకరించి అప్పటికి దేశంలో అతిపెద్ద షేర్ల జారీగా పేరుపొందిన డీఎల్ఎఫ్ కూడా తర్వాతి మాళ్ళలో అద్దె పద్ధతికే మొగ్గింది. ముక్కలు కొన్న చిన్న మదుపరికి షేర్ల జారీ లాభమూ దక్కలేదు, అద్దె ఆశా తీరలేదు.

రాత్రి ఎనిమిది దాటితే

దుకాణాలు ఖాళీ అయిన చోటికి పబ్బులు వచ్చాయి. 1996లో బన్సీలాల్ ప్రభుత్వం విధించిన మద్యనిషేధాన్ని హరియాణా 1998లో ఎత్తివేసింది. తెలుగునాట మద్యనిషేధం సడలిన మరుసటి ఏడాది అది. రెండుచోట్లా ఖజానా ఒత్తిడే ప్రధాన కారణం. ఎక్సైజ్ రాబడి రుచి మరిగిన ప్రభుత్వానికి పబ్బుల లైసెన్సులు బంగారు బాతు. మెల్లగా సహారా మాల్ పగటి బిగ్ బజార్‌గా, రాత్రి నృత్యశాలగా రెండు ముఖాలు తొడుక్కుంది.

2012 మార్చిలో అక్కడి ఒక పబ్బులో పనిచేసే యువతిని మాల్ బయటి నుంచి అపహరించి సామూహిక అత్యాచారం చేశారు. జిల్లా యంత్రాంగం స్పందన దేశాన్ని నివ్వెరపరిచింది. కార్మిక శాఖ అనుమతి లేకుండా రాత్రి 8 గంటల తర్వాత మాళ్ళలో, పబ్బుల్లో మహిళల చేత పని చేయించరాదని యాజమాన్యాలకు చెప్పింది. అందుకు ఆధారం 1958 నాటి పంజాబ్ దుకాణాల చట్టం. వీధిదీపం, రాత్రి బస్సు, గస్తీ పోలీసు గురించి మాట్లాడవలసిన ప్రభుత్వం ఉద్యోగినుల పనిగంటల గురించి మాట్లాడింది. మాల్ లోపల వెలుగుకు లోటు లేదు. గుమ్మం దాటిన మరుక్షణం చీకటి మొదలవుతుంది. లోపలిది ప్రైవేటు ఆస్తి, బయటిది ఎవరిదీ కాదు. ఆ సంఘటన గుర్గావ్ మొత్తాన్ని ఆ రెంటి మధ్య నిలబెట్టి చూపింది.

అదే ఏడాది మాల్ పార్లమెంటుకూ వచ్చింది. బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం అనుమతించింది. తృణమూల్ కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించింది. డిసెంబరు 5న లోక్‌సభలో వ్యతిరేక తీర్మానం 218 - 253 ఓట్లతో వీగిపోయింది. కిరాణా దుకాణం మిగులుతుందా, వాల్‌మార్ట్ మింగేస్తుందా అని రోజుల తరబడి వాదించారు. అంతకు ఏడేళ్ళ ముందు, 2005లో, నిర్మాణ రంగంలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి ఒక పత్రికా ప్రకటనతో తలుపులు తీసినప్పుడు ఇంత రభస జరగలేదు. దుకాణంలో ఎవరు సరుకు అమ్మాలన్నది సభను కుదిపింది. ఆ దుకాణం నిలిచిన నేల ఎవరి చేతుల్లోకి ఎలా పోయిందన్నది కుదపలేదు.

జనం కదిలిపోయిన దారి

2010 జూన్‌లో మెట్రో రైలు గుర్గావ్ చేరింది. ఎంజీ రోడ్డు పేరిట ఒక స్టేషనే వచ్చింది. దాంతో మాళ్ళు తిరిగి పుంజుకుంటాయని ఆశించారు. మెట్రో జనాన్ని తెచ్చింది, అంత సులువుగా తీసుకుపోయింది కూడా. 2013లో సైబర్ సిటీ కార్యాలయాల మధ్య సైబర్ హబ్ తెరుచుకుంది. ఆ నవంబరులోనే సికందర్‌పూర్ నుంచి అక్కడికి ర్యాపిడ్ మెట్రో నడిచింది. ఎంజీ రోడ్డుకు వచ్చే యువతరం ఒక స్టేషను ముందే దిగి అటు మళ్ళింది. సైబర్ హబ్ రూపం చూస్తే ఒక విషయం తోస్తుంది. పైకప్పు లేని నడకదారి, రెండు వైపులా తినుబండారాలు, మధ్యలో కూర్చునే అరుగులు. బజారును చంపి కట్టిన మాల్ చివరికి బజారునే అనుకరించింది. కాపలాదారును మాత్రం వదులుకోలేదు. ఆ కొత్త చోటుకూ 2017 ఏప్రిల్‌లో ఒక గడ్డుకాలం వచ్చింది. జాతీయ రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదన్న సుప్రీంకోర్టు ఆదేశంతో అక్కడి బార్లకు దెబ్బ తగిలింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. జూన్ 8న దేశంలో మాళ్ళు తెరుచుకోవచ్చునన్నా, గుర్గావ్‌లో జులై 1 దాకా తెరవనివ్వలేదు. ఆ మూడు నెలల్లో మాల్ అసలు ఎవరి మీద నడుస్తున్నదో అందరికీ కనిపించింది. నేల తుడిచేవారు, భద్రతా సిబ్బంది, వంటవారు, అమ్మకపు కౌంటర్ల పిల్లలు. వారిలో ఎందరో బిహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి చక్కర్‌పూర్, సికందర్‌పూర్‌ల ఇరుకు అద్దె గదుల్లో ఉండేవారు. పొలాలు పోగా మిగిలిన ఊరి నడిబొడ్డు అది. పాత రైతు కుటుంబం గదుల మీద గదులు లేపి అద్దెల మీద బతుకుతోంది. మాల్‌లో గది కొన్న మదుపరికి అందని నెలసరి అద్దె, పొలం అమ్మిన రైతుకు ఆ మాల్ కూలీల నుంచే అందింది. లాక్‌డౌన్‌లో అదీ ఆగింది. 2022లో బిగ్ బజార్ అన్న పేరే దేశమంతటా దుకాణాల మీద నుంచి దిగిపోయింది.

ఎంజీ రోడ్డు మాళ్ళు పూర్తిగా చచ్చిపోలేదు. కొన్ని అంతస్తులు కార్యాలయాలయ్యాయి, కొన్ని కొత్త రంగు వేసుకున్నాయి. కానీ వాటి కథ ఇతర నగరాలకు చెప్పవలసినది మిగిలే ఉంది. హైదరాబాద్ పశ్చిమ అంచున సైబరాబాద్ కూడా ఇదే వరుసలో, ముందు కార్యాలయాలు, వెనువెంట మాళ్ళు, చివరకు నడకదారులు అన్న క్రమంలో పెరిగింది. మాల్ నిలుస్తుందా, పడిపోతుందా అన్నది మదుపరి బెంగ. పౌరుడి బెంగ వేరు. అద్దాల తలుపు మూసుకున్న రోజున కూర్చోవడానికి ఒక చెట్టు నీడ, నడవడానికి ఒక దారి, నిలదీయడానికి ఎన్నికైన ఒక మనిషి ఊరికి ఉన్నారా అన్నది. ఎంజీ రోడ్డు మీద ఈ ప్రశ్నను మాల్ కట్టకముందు ఎవరూ అడగలేదు. సైబరాబాద్ దాటి ఇంకా బయటికి పాకుతున్న నగరాల అంచులలో అడగడానికి వ్యవధి ఉంది.